అద్దె ఇల్లు - స్థానిక పాలన: పురపాలక సరిహద్దు దగ్గర ఆగిన చట్టం
(విస్సన్నపేట నేపథ్యంలో చారిత్రక పరిశీలన)

ఉపోద్ఘాతం

ఇల్లు అద్దెకిచ్చే యజమాని స్థానిక సంస్థ నుంచి ముందుగా అనుమతి పొందాలన్న భావన ఇంగ్లండులో పాతదే. 1851 నాటి సామాన్య వసతిగృహాల చట్టం కూలీలు, బాటసారులు తలదాచుకునే వసతిగృహాలను స్థానిక సంస్థల నమోదు, తనిఖీల కిందికి తెచ్చింది. 2004 గృహ చట్టం పలు కుటుంబాలు కలిసి ఉండే అద్దె ఇళ్లకు లైసెన్సు విధానాన్ని ఏర్పరచింది. తెలుగునాట అద్దె చట్టాల చరిత్ర వేరే దారిలో నడిచింది. ఇక్కడ ప్రభుత్వం నియంత్రించినది అద్దె మొత్తాన్ని, ఖాళీ చేయించే అధికారాన్ని. అద్దెకివ్వడానికి లైసెన్సు కోరలేదు. ఆ నియంత్రణ కూడా ప్రధానంగా పట్టణాలకే పరిమితమైంది. ఈ పరిమితి ఫలితాన్ని విస్సన్నపేట వంటి పంచాయతీ కేంద్రం నుంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

యుద్ధకాలపు అద్దె నియంత్రణ

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో మద్రాసు నగరంలో ఇళ్ల కొరత తీవ్రమైంది. 1941లో భారత రక్షణ నిబంధనల కింద అద్దె నియంత్రణ ఉత్తర్వు వెలువడింది. యుద్ధం ముగిసినా కొరత తీరలేదు. అందువల్ల 1946లోను, తిరిగి 1949లోను మద్రాసు ప్రభుత్వం భవనాల కౌలు, అద్దె నియంత్రణ చట్టాలను చేసింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన తరువాత కోస్తా, రాయలసీమలలో 1949 చట్టమే కొనసాగింది. హైదరాబాదు రాష్ట్రానికి 1954లో ప్రత్యేక చట్టం వచ్చింది. ఈ రెండింటి స్థానంలో ఆంధ్రప్రదేశ్ భవనాల (కౌలు, అద్దె, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టం 1960లో వచ్చింది.

ఈ చట్టం ప్రకారం న్యాయమైన అద్దెను నిర్ణయించడానికి 1944 ఏప్రిల్ 5కు ముందు పన్నెండు నెలల కాలంలో ఆ ప్రాంతంలో ఉన్న అద్దెలు ఆధారం. అద్దె బకాయి, అనుమతి లేకుండా మరొకరికి అద్దెకివ్వడం, యజమాని సొంత అవసరం వంటి నిర్దిష్ట కారణాలు ఉంటేనే అద్దెదారును ఖాళీ చేయించవచ్చు. ఆ కారణాలను అద్దె నియంత్రణాధికారి ఎదుట రుజువు చేయాలి.

ఖాళీ సమాచారం: నమోదుకు దగ్గరి రూపం

లైసెన్సును కొంతవరకు పోలిన నిబంధన ఈ చట్టం మూడవ సెక్షన్‌లో కనిపిస్తుంది. ఇల్లు ఖాళీ అయిన పది రోజులలో యజమాని ఆ సంగతిని నియమిత అధికారికి రాతపూర్వకంగా తెలపాలి. ప్రభుత్వ అవసరానికి గాని, ప్రభుత్వోద్యోగి నివాసానికి గాని ఆ ఇల్లు కావాలనుకుంటే అధికారి దానిని తీసుకోవచ్చు. అక్కరలేదన్నప్పుడే యజమాని తనకు నచ్చినవారికి అద్దెకివ్వవచ్చు.

పైకి ఇది అనుమతి విధానంలాగే కనిపిస్తుంది. కాని దాని ఉద్దేశం అద్దెదారు భద్రత కాదు. ఇంట్లో గాలి, వెలుతురు ఉన్నాయా, మరుగుదొడ్డి ఉందా, ఎంతమంది నివసించవచ్చు అన్న ప్రశ్నలకు ఆ సమాచారంలో చోటు లేదు. ఇల్లు ఖాళీగా ఉందా అన్నదే చట్టం యజమానిని అడిగిన ప్రశ్న. నివాసయోగ్యమా అని అడగలేదు. ఇంగ్లండు లైసెన్సు విధానానికీ తెలుగునాటి నియంత్రణకూ ఉన్న మౌలిక భేదం ఇదే.

పంచాయతీ పరిధి

1960 చట్టం హైదరాబాదు, సికింద్రాబాదు నగరాలకు, రాష్ట్రంలోని పురపాలక సంఘాలకు వర్తించింది. ఇతర ప్రాంతాలకు విస్తరించాలంటే ప్రభుత్వ ప్రకటన అవసరం. కనుక 1888లోనే పురపాలక సంఘంగా ఏర్పడిన విజయవాడలో అద్దెదారుకు ఈ చట్టం అండ సహజంగా లభించింది. నాడు అదే కృష్ణా జిల్లాలో గ్రామ పంచాయతీగా ఉన్న విస్సన్నపేట ఆ సహజ పరిధికి వెలుపల ఉండేది. 1985లో మండల వ్యవస్థ వచ్చాక అటువంటి ఊళ్లు పాలనా కేంద్రాలయ్యాయి. బదిలీపై వచ్చే ఉద్యోగులకు, ఉపాధ్యాయులకు అద్దె ఇల్లు నిత్యావసరమైంది. ఊరి స్వభావం మారినా చట్టం గీసిన గీత మారలేదు.

ప్రత్యేక రక్షణ లేనిచోట 1882 ఆస్తి బదిలీ చట్టమే ఆధారం. వేరే ఒప్పందం లేని నెలవారీ అద్దెను పదిహేను రోజుల నోటీసుతో ముగించవచ్చు. కారణం చూపనక్కరలేదు.

పంచాయతీకి అద్దె ఇంటి సంగతి తెలియదనలేము. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఇంటి పన్ను విధించేటప్పుడు ఇంటి వార్షిక అద్దె విలువను ప్రాతిపదికగా తీసుకోవచ్చు. మరయంత్రాల ఏర్పాటుకు, ప్రజలకు ఇబ్బంది కలిగించగల వ్యాపారాలకు పంచాయతీ అనుమతి కావాలి. అంటే పిండిమరకు అనుమతి అడిగే సంస్థే అద్దె గదుల వరుసను పన్ను వేయదగిన ఆస్తిగా మాత్రమే గుర్తించింది. పన్ను పుస్తకంలో యజమాని ఉన్నాడు, అద్దెదారు లేడు.

సన్నగిల్లిన రక్షణ

పట్టణాలలోనూ ఈ రక్షణ క్రమంగా కుదించుకుపోయింది. 1957 ఆగస్టు 26 తరువాత కట్టిన భవనాలకు 1960 చట్టం మినహాయింపునిచ్చింది. కాలం గడిచేకొద్దీ ఆ మినహాయింపుకు సమర్థన లేకుండా పోయిందంటూ 1983లో మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. వెంటనే ప్రభుత్వం కొత్త భవనాలకు పదేళ్లపాటు, నెలకు వెయ్యి రూపాయలు మించిన అద్దె ఉన్న భవనాలకు మినహాయింపునిస్తూ ఉత్తర్వు జారీచేసింది. 2005 సవరణ ఆ పరిమితిని నగరపాలక సంస్థలలో 3,500, ఇతరచోట్ల 2,000 రూపాయలుగా నిర్ణయించింది. అద్దెలు పెరిగేకొద్దీ చట్టం పరిధిలో మిగిలే ఇళ్లు తగ్గుతూ వచ్చాయి. 2017లో 1960 చట్టం స్థానే కొత్త అద్దె చట్టం రూపొందింది.

ముగింపు

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టం పట్టణ, గ్రామీణ ప్రాంతాలు రెండింటినీ ఉద్దేశించింది. ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలని, రెండు నెలల్లో అద్దె అధికారికి తెలపాలని, నివాస గృహానికి ముందస్తు డిపాజిట్ రెండు నెలల అద్దెకు మించరాదని అది ప్రతిపాదించింది. పాత సరిహద్దును దాటే ఆలోచన ఇందులో ఉంది. అయితే అద్దె అధికారి డిప్యూటీ కలెక్టరు స్థాయికి తగ్గని ఉద్యోగి. ఊళ్లోని ఇళ్ల జాబితా చేతిలో ఉన్న పంచాయతీకి ఈ ఏర్పాటులో పాత్ర లేదు. ఒప్పందం నమోదైనా ఇంటి నివాసయోగ్యతను ముందుగా తనిఖీ చేసే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న మిగిలే ఉంది.

లైసెన్సు విధానం ఖర్చు చివరికి అద్దెదారుపైనే పడవచ్చునన్న అభ్యంతరం తోసిపుచ్చదగినది కాదు. కాని విస్సన్నపేట వంటి ఊళ్లో గోడ నెర్రెలిచ్చిన గదిలో ఉండే అద్దెదారుకు నడిచి వెళ్లగల దూరంలో ఉన్న కార్యాలయం పంచాయతీయే. ఇంటి పన్ను వసూలు చేసే ఆ సంస్థకు ఇంటి స్థితిని అడిగే అధికారం కూడా ఉండాలా అన్నది ఎనభై ఏళ్ల అద్దె చట్టాల చరిత్ర తేల్చకుండా వదిలిన అంశం.