ఆచంద్రార్కము - అఖండదీపము

లాటిను భాషలో వెలుగును దెలుపు ప్రసిద్ధపదములు రెండు. లుక్స్ అనగా వెలుగు. లూమెన్ అనగా వెలుగు నిచ్చునది; దీపము, కన్ను, గోడలోని గవాక్షము గూడ. రెండును ఒకే ధాతువునుండి పుట్టినవి. సంస్కృతమున దానికి సోదరమైనది రుచ్ ధాతువు. దానినుండి వచ్చిన ‘రుచి’ కావ్యములలో కాంతి, వంటయింట నాలుకకు సంబంధించినది. వెలుగునది కంటికి నచ్చును, నచ్చునది రుచించును. అర్థము సాగిన త్రోవ యిదియే. రోమనులకు లుక్స్ పగలు, ప్రాణము, బహిరంగము అను అర్థములను గూడ నిచ్చినది. మనమును ‘వెలుగులోనికి వచ్చుట’ అందుము గదా!

తెలుగునందును ఈ ద్వైవిధ్యము కలదు. వెలుగు అను పదము వెల్ల, వెన్నెల అనువాని కుటుంబములోనిది, దివ్వె దీపశబ్దభవము. ఈ భేదమును మనసున నుంచుకొని శ్రీకాకుళ మండలమందలి శాసనములను చూడవలయును. శ్రీముఖలింగ మధుకేశ్వరాలయమునను శ్రీకూర్మాలయ స్తంభములపైనను గంగవంశపు రాజుల కాలమునాటి దానశాసనములు విస్తారముగ నున్నవి. వానిలో అఖండదీపదానములు పలుమారులు కనబడును. ముఖలింగ శాసనములను స్వయముగ లిపి నేర్చి చదివి, ఆ క్షేత్రమే కళింగనగరమని వాదించినవారు గిడుగు వేంకట రామమూర్తి (1863-1940). ఆయన పుట్టిన పర్వతాలపేట దానికి సమీపగ్రామమే. వ్యావహారికభాషావాదిగ మాత్రమే వారి నెఱిగిన విద్యార్థులు ఈ కృషిని మఱవరాదు.

అఖండదీపమనగా ఆరనిది. భక్తి యొక్కటియే దాని నారకుండ నిలుపజాలదు. నిత్యము నేయి వలయును. అందులకై దాత మాడలనో, ఆవులనో, భూమినో యిచ్చును. పశువులను గైకొన్నవారు నియమితమైన నేతిని కొలిచి పోయవలయును. పశువు చచ్చినను ఋణము చావదు. పుట్టిన పిల్లలతో మందను పూరింపవలయును. తమిళ శాసనములు ఇట్టి గొఱ్ఱెలను చావనివి, ముదియనివి అని పేర్కొనుట యిందులకే. కావున ఇచ్చట దీపము వస్తువు మాత్రమే కాదు, తరతరములకు సంక్రమించు నొక ఒడంబడిక.

ఆ ఒడంబడికకు గడువు ఆచంద్రార్కము. గర్భగుడిలోని వత్తికి ఆకాశమందలి వెలుగు కొలమానమైనది. లూమెనును లుక్స్ కొలుచుచున్నది. అరసవల్లిలో సూర్యుడే మూలవిరాట్టుగ వెలసిన ఈ సీమలో అర్కశబ్దము వట్టి నిఘంటుపదము కాదు.

చరిత్రకారులలో కొందఱు ఆవులను లెక్కించి తృప్తినొందుదురు. సాహిత్యవేత్తలు పుణ్యమను మాటను చూచి, ఇది వాడుకలో నరిగిన పలుకుబడి యని దాటిపోవుదురు. నా యభిప్రాయమున ఉభయులును సగము శాసనమునే చదువుచున్నారు. కుమారుని కులదీపకు డనుట కేవలము కవిసమయము కాదు. తాను పోయిన పిదప నేయి పోయువాడెవడు అను ప్రశ్న దాతను నిజముగ బాధించినది. వంశమును దీపముతో పోల్చిన ఆ మాటవెనుక నేతికుండ యున్నది, దానిని మోసికొనివచ్చిన గొల్లవాడున్నాడు. శాసనములలో దీపమను పదమునకు అర్థము వ్రాయువారు ఆ గొల్లవానిని గూడ లెక్కలోనికి దీసికొనవలయును.