కోడి ఊళ్లోకి పోయింది, కూర పోలేదు

పల్నాటి కథ తెలియని తెలుగోడు ఉండడు. నాయకురాలు నాగమ్మ పుంజుకీ బ్రహ్మనాయుడి పుంజుకీ పందెం జరగడం, బ్రహ్మనాయుడి పక్షం ఓడి మలిదేవుడు వాళ్లు ఏడేళ్లు రాజ్యమొదిలి పోవడం, చివరికి కారంపూడి దగ్గర కొట్టుకు చావడం అందరూ చెప్పుకుంటారు. అదే కథలో ఇంకోటి కూడా ఉంది. బ్రహ్మనాయుడు మాల కన్నమదాసుని కొడుకులా చూశాడనీ, అన్ని కులాల్నీ ఒకే చాప మీద కూచోబెట్టి చాపకూడు పెట్టాడనీ. ఎనిమిది వందల ఏళ్ల నాటి ముచ్చట. ఆ కథలోంచి ఊళ్లు కోడిపందేన్ని తెచ్చుకుని ప్రతి సంక్రాంతికీ ఆడుకుంటున్నాయి. చాపకూడు మాత్రం కారంపూడి తిరునాళ్లలోనే ఉండిపోయింది.

ఆ పల్నాడుని ఆనుకునే మా ఒంగోలు సీమ. మాది మాదిగగూడెం. భూమి లేదు. గొడ్లు కామందు కొట్టంలో ఉండేవి, వాటి పేడ మాత్రం మాది. మాకంటూ ఉన్న ఆస్తి కోడి. అది కూడా నాయనది కాదు, నాయనమ్మది. ఆమె తర్వాత అమ్మది. రైతుల చరిత్ర రాసినోళ్లు ఎకరాలు లెక్క పెడతారు. మా ఆడోళ్ల చరిత్ర రాయాలంటే గంపలు లెక్క పెట్టాలి.

పెట్ట లేనివాళ్లు ఉన్నవాళ్ల దగ్గర పాలుకి తెచ్చుకునేవాళ్లు. పెట్ట వాళ్లదే, మేపేది మనం, పిల్లలు చెరి సగం. నాయనమ్మ కాపరం అట్టా పాలు కోడితోనే మొదలైందంట. పొదుగుకొచ్చిన పెట్టని చూస్తే ఆమెకి తెలిసిపోయేది. గంపలో వరిగడ్డి పరిచి, పన్నెండో పదమూడో గుడ్లు పెట్టి, ఉరుముకి మురిగిపోకుండా ఒక ఇనపముక్క వేసేది. వారం పోయాక గుడ్డుని దీపం ముందు పట్టి చూసి, పనికిరానిది తీసేసేది. ఇరవై ఒకటో రోజుకి పిల్లలు. వాటిలో గద్ద తన్నుకుపోయినవి పోగా, ముంగిస పట్టుకుపోయినవి పోగా, నాలుగైదు దక్కితే అదృష్టం. ఊరపెట్ట యేడాదికి యాభై అరవై గుడ్లకి మించి పెట్టదు. ఆ గుడ్లలోంచే పలకలు, బలపాలు, జ్వరం మాత్రలు, నాయనకి చుట్టలు. మేం గుడ్డు తిన్న రోజు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అంతకుముందు మా తాతముత్తాతల పండగ అంటే ఏమిటి? ఊరి పండగే మా పండగ. పోలేరమ్మ కొలుపులో డప్పు కొట్టాలి, కొట్టినందుకు వాటా తెచ్చుకోవాలి. చచ్చిన గొడ్డుని ఈడ్చుకుపోవాలి, తోలు ఒలిచి కామందుకి చెప్పులూ కపిల తోలూ కుట్టివ్వాలి, మాంసం తినాలి. మిగిలింది తునకలు చేసి దండెం మీద ఎండబెట్టుకోవాలి. సంక్రాంతికి గిన్నె పట్టుకుని పెద్దిళ్ల పెరటి గుమ్మాల దగ్గర నిలబడాలి. అరిసె పైనుంచి పడేది. పెట్టే చెయ్యి వాళ్లది, పట్టే చెయ్యి మాది. మేం పెట్టే పండగ ఒక్కటీ లేదు.

అది మారింది క్లౌ దొర కాలంలో. జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. తాళ్లకొండపాడు మాదిగ ఎర్రగుంట్ల పేరయ్య ఆ యేడే బాప్తిస్మం తీసుకుని ఊరూరా తిరిగి చెప్పాడు. నన్నడిగితే ఈ కథలో పెద్దవాడు పేరయ్యే, దొర కాదు. 1876-78 ధాత కరువులో క్లౌ బకింగ్‌హాం కాలవలో కొంత తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మావాళ్లకి పని చూపించాడు. కూటి కోసం కలిశారంటారని కరువన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపాడు. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. ఎక్కువమంది మాదిగలే.

చేరినవాళ్లకి క్లౌ పెట్టిన షరతులు మూడు. ఆదివారం పని చెయ్యొద్దు. విగ్రహాలకి మొక్కొద్దు. చచ్చినదాన్ని తినొద్దు. చదవడానికి చిన్న మాటలు. కానీ ఆదివారం పనికి పోకపోతే కామందు ఊరుకుంటాడా? డప్పు కొట్టకపోతే ఊరి కొలుపు నడుస్తుందా? చాలా ఊళ్లలో మావాళ్లని కొట్టారు, బావి నీళ్లు ఆపారు. ఒక కూర మానేసినందుకు అంత పెద్ద యుద్ధం. 1927లో మహద్‌లో అంబేద్కర్ కూడా మహార్లకి చచ్చిన గొడ్డు మాంసం మానండనే చెప్పాడు. తిండి మానడం తిండి సంగతి కాదని ఆయనకి తెలుసు.

చచ్చినది మానేశాక మా గూడెంలో కోడి విలువ పెరిగిందని నాయనమ్మ అనేది. మన చేత్తో పెంచి, మన చేత్తో కోసి, ఎవరి వాటా కానిదీ ఎవరూ పారెయ్యనిదీ అదొక్కటే కదా. అయితే కొక్కెర తెగులు వస్తే మటుకు సంకటం. మెడ వంకరపోయి, ఆకుపచ్చగా పారి, రెండ్రోజుల్లో గూడు ఖాళీ. తెగులు తగిలినదాన్ని చావకముందే కోసేసేవాళ్లు. చచ్చినది తినకూడదని దొర చెప్పాడు కానీ చావబోయేదాని గురించి చెప్పలేదుగా! ఆ తెగులుకి టీకా మన దేశంలో 1940ల్లోనే తయారైంది. గేదెలకి సూదెయ్యడానికి ఊళ్లోకి వచ్చే మనిషి గూడెం వైపు తిరగడం నేను హైస్కూలుకొచ్చాక చూశాను.

అట్టా క్రిస్మస్ మా పండగైంది. కాగితాల మీద కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడు షెడ్యూల్డ్ కులం కాడు. అందుకే సర్టిఫికెట్లో హిందువులం, డిసెంబర్లో క్రైస్తవులం. ఇందులో మోసం వెతికేవాళ్లు ముందు మా గూడేన్ని ఊరి బయట ఎవరు పెట్టారో వెతకాలి.

వెదురుబద్దలతో చుక్క కట్టి, రాత్రంతా పాడుకుంటూ తిరిగి, తెల్లారి కోడిని కోసేవాళ్లం. బొచ్చు పీకి, మంట మీద కాల్చి, పసుపు రాసి ముక్కలు కొడితే, అమ్మ రోట్లో ధనియాలు, అల్లం, వెల్లుల్లి, ఎండుకొబ్బరి నూరేది. ఒక కోడి, తొమ్మిది మంది. అందుకని పులుసు ఎక్కువ. మినప గారెలు ఆ పులుసులో నానబెట్టుకుని తినాలి. కాళ్లు మగపిల్లలకి, కందనకాయ నాయనకి, మెడా వీపూ అమ్మకి. పెంచింది అమ్మ, మెడ ఎముక అమ్మకి. ఈ లెక్క ఏ కామందూ పెట్టలేదు, మేమే పెట్టుకున్నాం. గిన్నెలు ఇంటింటికీ తిరిగేవి. ఒకరి గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదు, గారో అరిసో వేసి పంపాలి. మాలపల్లెకి మటుకు మా గిన్నె పోయేది కాదు, పోతే తినరు. వాళ్లదీ క్రిస్మసే.

నేను ఆరో తరగతిలో ఉండగా డిసెంబర్లో కామందు అల్లుడొచ్చాడు. నాయన వాళ్ల పాలేరు. దొరసాని అమ్మని పిలిపించింది.

"ఏమే, మీ పుంజు బాగా ఎదిగిందంటగా. అల్లుడుగారొచ్చారు, పంపించు."

"పండక్కని ఉంచుకున్నానమ్మా."

"మీ పండక్కి ఇంకోటి చూసుకో. గింజల్లో కలుపుకుందాంలే."

నాయనే కాళ్లు కట్టి తీసుకుపోయాడు. పెరట్లో కోసింది నాయన, కాల్చింది నాయన, ముక్కలు కొట్టింది నాయన. ఇత్తడి పళ్లెంలో వేసి దూరంగా పెడితే, దొరసాని నీళ్లు చల్లి లోపలికి తీసుకుపోయింది. పచ్చి మాంసానికి నీళ్లు చాలు. అదే మా పొయ్యి మీద ఉడికితే ఏ నీళ్లూ చాలవు. రాత్రికి మిగిలిన కూర ఆకులో కట్టి నాయనకిచ్చారు. మా కోడే, వాళ్లు పెట్టిన కూరగా తిరిగొచ్చింది. అమ్మ ఆ ఆకు ముట్టుకోలేదు. మేం పిల్లలం విప్పుకుని తిన్నాం. గింజల్లో మాత్రం ఏమీ కలవలేదు.

ఆ కామందుకే పందెం పుంజులుండేవి. డేగ, కాకి, నెమలి అని రంగుల్ని బట్టి పేర్లు. నాయన వాటికి బాదంపప్పు నానబెట్టి ఒలిచి తినిపించేవాడు. ఇంటికొచ్చి నూకల జావ తాగేవాడు. 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది, 2016 డిసెంబర్లో హైకోర్టు పందేలు ఆపమంది. మొన్న సంక్రాంతికి కూడా బరుల దగ్గర కార్లు బారులు తీరాయి.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. చెరువు నీళ్ల దగ్గర మొదలైన తగాదా. బతికినవాళ్లు చీరాల వచ్చి శిబిరంలో ఉన్నారు. మా గూడెం నుంచి బియ్యం మూటలు పోయాయి. ఆ వచ్చిన సంక్రాంతికి మా వాళ్లెవరూ గిన్నె పట్టుకుని ఊళ్లోకి పోలేదు. మీటింగు పెట్టి తీర్మానం చేసింది లేదు. అమ్మ గిన్నె బోర్లించింది, పక్కింటి పెద్దమ్మా బోర్లించింది. కామందు ఇంటి నుంచి కోడి కోసం కబురొస్తే "అమ్మేశాను" అంది అమ్మ. కోడి ఎదురుగానే తిరుగుతోంది.

ఇప్పుడు నేను ఒంగోల్లో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మ నాతోనే ఉంది. పెరట్లో నాలుగు పెట్టలున్నాయి. హైవే హోటళ్లలో 'నాటుకోడి పులుసు' అని బోర్డులు పెట్టి, ఫారం కోడి కంటే బాగా ఎక్కువ రేటుకి అమ్ముతున్నారు. మా పులుసు వాళ్ల బోర్డెక్కింది. పక్కింటావిడ మంచిదే, పిల్లాడికి నాటుగుడ్లు కావాలని వారానికోసారి వస్తుంది. "పిన్నిగారూ" అంటుంది అమ్మని. డబ్బులు కూడా ఖచ్చితంగా ఇస్తుంది.

పోయిన క్రిస్మస్‌కి అమ్మ వాళ్లింటికి గిన్నెలో కూరా, పైన నాలుగు గారెలూ పంపింది. నేను వద్దన్నాను, వినలేదు. సాయంత్రం పిల్లాడు గిన్నె తెచ్చిచ్చాడు. శుభ్రంగా తోమి ఉంది, లోపల ఏమీ లేదు. "తిన్నావా నాన్నా?" అని అమ్మ అడిగింది. పిల్లాడు మా వైపూ వాళ్ల గుమ్మం వైపూ చూసి పరిగెత్తాడు. అమ్మ ఆ గిన్నెలో నూకలు పోసుకుని కోళ్ల దగ్గరికి పోయింది.