మోగే బండలు

బళ్ళారి దగ్గర కుప్పగల్లు కొండమీద కొన్ని నల్లబండలు గంటల్లా మోగుతాయి. వాటిమీదున్న గుంటల్లో చేతికి ఇమిడే గ్రానైటు రాయితో కొట్టాలి. మోత సంగతి అటుంచి, ఆ గుంటల గురించి చదివి మురిసిపోయాను. అవి ఉలితో తొలిచినవి కావు, కొట్టగా కొట్టగా పడ్డవి. రోలు అరిగినట్టు బండ అరిగిందంటే అక్కడ ఎన్ని తరాల చేతులు ఆడి ఉండాలి!

వెంటనే హైదరాబాదు ఇందిరా పార్కుకి వెళ్ళి మన దోమలగూడ బండల్నీ తట్టి చూశాను. మొద్దు చప్పుడు. నేలలో పాతుకున్న రాయి మోగదు. కింద ఒకటి రెండు చోట్ల మాత్రమే ఆని, చుట్టూ గాలి ఆడితేనే కంపిస్తుంది.

కుప్పగల్లు బండలు డోలరైటు. సుమారు నాలుగు వేల ఏళ్ళ కిందట, కొత్తరాతియుగంలో, అక్కడివాళ్ళు ఆ రాతితోనే గొడ్డళ్ళు చేశారు. పశువులే వాళ్ళ ఆస్తి. పేడ కాలి మిగిలిన బూడిదదిబ్బలు ఆ సీమంతా ఉన్నాయి. పాలమూరు ఉట్నూరు దిబ్బలో గిట్టల ముద్రలు కూడా దొరికాయి. కుప్పగల్లు కొండమీద చెక్కిన బొమ్మల్లోనూ మూపురాల ఎద్దులే ఎక్కువ. కొన్ని బొమ్మలు మనిషి వేలాడితే తప్ప చెయ్యి అందని చోట ఉన్నాయి.

మా అమ్మ కుండ కొనేముందు వేలితో తట్టేది. ఖంగుమంటేనే బేరం. గొడ్డలికి రాయి ఎంచేవాడూ అలాగే విని ఉంటాడు, పగులున్నది బద్దగా పలుకుతుంది కనక. అక్కడి సంగీతం ఆ చెవిలోంచే పుట్టిందని నా నమ్మకం.

ఫాసెట్ అనే ఆంగ్లేయుడు 1892లోనే కుప్పగల్లు బొమ్మల గురించి రాశాడు. మోత సంగతి లోకానికెక్కింది మాత్రం 2004లో, పురావస్తు పరిశోధకురాలు నికోల్ బోయివిన్ వ్యాసంతో. ఫ్రాన్సులోనూ ఇదే కథ. మార్సులా గుహలో 1931లో దొరికిన శంఖాన్ని తాగే పాత్ర అనుకున్నారు. ఒక వాద్యకారుడు ఊదితే సుమారు పద్దెనిమిది వేల ఏళ్ళనాటి ఆ శంఖం మూడు స్వరాలు పలికిందని 2021లో ప్రకటించారు. జర్మనీలో రాబందు ఎముకతో చేసిన పిల్లనగ్రోవి ఇంకా పాతది.

ఎముక, శంఖం, రాయి మిగిలాయి. వెదురు, తోలు, గొంతు పోయాయి. పశువుల్ని అదిలించిన కేక, పిల్లని నిద్రపుచ్చిన రాగం ఏ తవ్వకంలోనూ దొరకవు. మిగిలిన రాతినైనా ఉంచుకోలేదు మనం. క్వారీలు కుప్పగల్లు కొండని కొరికేశాయి. పగిలిన బండమీది ఎద్దుకి ఫోటో ఉండొచ్చు. మోత తిరిగి రాదు.

తర్వాతి వేల ఏళ్ళ గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. ఆ బళ్ళారి సీమలోనే హంపి విఠ్ఠలాలయం స్తంభాలు మోగాయి, అంతే.

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో నేనెప్పుడూ ముందు వరసలోనే కూర్చుంటాను. మృదంగం కుడివైపు నల్లమచ్చ రాతిపొడిని అన్నంతో మెదిపి అద్దింది. కచేరీకి ముందు విద్వాంసుడు సంచిలోంచి చిన్న గుండ్రాయి తీసి, అంచుమీద తట్టి, చెవి దగ్గరగా వంచి వింటాడు. మళ్ళీ తడతాడు.