జారే ముడి, పట్టే ముడి

తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుణ్ణి మీరు చూసే ఉంటారు. చెట్టునూ తన నడుమునూ కలిపి మోకు చుట్టుకుంటాడు. కాళ్ళకు మరో చిన్న బంధం. మోకును పైకి విసిరినట్టు జరుపుతాడు, వెనక్కి వాలతాడు, కాళ్ళు పైకి లాక్కుంటాడు. కింద నిలబడి చూసేవారికి వెనక్కి వాలడమే భయంగా తోస్తుంది. నిజానికి అతన్ని నిలబెట్టేది ఆ వాలడమే. వాలినకొద్దీ మోకు మానును గట్టిగా ఒత్తుతుంది. ఒత్తిడితో పాటు ఘర్షణ పెరుగుతుంది. బరువు మోపితే పట్టు, బరువు తీస్తే జారుడు. ఈ రెండు గుణాలనూ ఒక చిన్న ముడిలో ఇమిడ్చిన చరిత్ర ఉంది.

తాటికి కొమ్మలు లేవు కాబట్టి మోకు సరిపోతుంది. కొమ్మలు విప్పారిన పెద్ద చెట్టెక్కి ఎండుకొమ్మలు కోయాలంటే అది చాలదు. ఐరోపా, అమెరికాల్లో చెట్ల పనివారు తాడును ఎత్తైన బలమైన కొమ్మ మీదుగా వేస్తారు. ఒక కొసను నడుముపట్టీకి కట్టుకుంటారు. రెండోవైపు దిగే తాడు మీద ఒక ముడి చుట్టి, దాన్నీ నడుముపట్టీకే తగిలిస్తారు. ముడి నెత్తిన చెయ్యి వేసి కిందికి లాగితే మనిషి మెల్లగా దిగుతాడు. చెయ్యి వదిలేస్తే ముడి తాడును పట్టేస్తుంది. దీన్నే ఘర్షణ ముడి అనవచ్చు.

అంత చిన్న ముడి మనిషిని ఎలా మోస్తుంది? బెదిరిన ఎద్దు పలుపును గుంజకు రెండు చుట్లు వేస్తే పిల్లవాడైనా ఆపగలడన్నది పల్లెల్లో అందరికీ తెలిసిందే. దీని లెక్కను 18వ శతాబ్దంలో ఆయిలర్, ఆ తరువాత జర్మన్ ఇంజనీరు ఐటెల్‌వైన్ తేల్చారు. ఘర్షణ గుణకం 0.25 అనుకోండి. ఒక చుట్టుకు పట్టు 4.8 రెట్లవుతుంది. రెండు చుట్లకు సుమారు 23 రెట్లు, మూడు చుట్లకు 111 రెట్లు. అంటే మూడు చుట్ల తరువాత 100 కిలోల లాగుడును ఆపడానికి కిలో బలం కూడా అక్కరలేదు! గుంజ లావా సన్నమా అన్నది ఈ లెక్కలోకి రాదు. చుట్ల సంఖ్య, ఘర్షణ గుణకం, ఈ రెండే ముఖ్యం. గుంజకు బదులు మరో తాడుంటే వ్యవహారం ఇంకొంచెం చిక్కుపడుతుంది. ముడి బిగిసి తాడును నొక్కుతుంది, కాస్త వంచుతుంది కూడా. అయినా మూలసూత్రం ఇదే.

ఈ తరహా ముడుల్లో బాగా పేరు పొందినదాన్ని ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ 1931లో ప్రకటించాడు. మొదటి ప్రపంచయుద్ధంలో తెగిన వాద్య తంత్రులను బాగుచేయడానికి ఆయన దీన్ని వాడాడని ఒక కథ చెబుతారు. మంచు పగుళ్ళలో పడిన ఆరోహకుడు తన తాడు మీదుగా తానే పైకి రావడానికి ఈ ముడి దారి చూపింది. చుట్టే దారం అసలు తాడుకన్నా సన్నగా ఉండాలన్నది దీని నియమం. మరీ లావైతే పట్టదు, మరీ సన్నమైతే పట్టి వదలదు.

అప్పటి తాళ్ళన్నీ నారవే. చెట్ల పనివారిది మనీలా తాడు. అది ఫిలిప్పీన్స్‌లో పెరిగే అబాకా మొక్క నార. అబాకా మన అరటికి దగ్గరి చుట్టమే. గరుకు నార కావడంతో, తాడు కొసతోనే వేసే టాట్‌లైన్ అనే మామూలు ముడి దాని మీద చక్కగా పట్టేది. అయితే పైకి బాగానే కనిపిస్తూ లోలోపల కుళ్ళడం ఆ తాడు దుర్గుణం. 1942లో ఫిలిప్పీన్స్ జపాన్ వశమైంది. మనీలా నార కరువై, అమెరికా నైలాన్ తాళ్ళ వైపు తిరిగింది. డుపాంట్ కంపెనీలో కరోథర్స్ బృందం 1935లో సృష్టించిన నైలాన్ కుళ్ళదు, నారకన్నా ఎంతో బలమైనది. కానీ నునుపు! మనీలా మీద నమ్మకంగా నిలిచిన ముడి దీని మీద మెల్లగా పాకసాగింది. పైగా నైలాన్ సాగుతుంది. కొండమీద పడిపోయేవాడికి ఆ సాగుడు ప్రాణరక్ష. చెట్టెక్కేవాడికి మాత్రం లాగిన ప్రతిసారీ సగం శ్రమ దండగ. 1941లో ఇంగ్లండులో పుట్టిన పాలియెస్టర్ తక్కువ సాగుతుంది, తడిసినా బలం తగ్గదు. ఇప్పటి చెట్ల తాళ్ళలో ఎక్కువ భాగం దానివే.

తాడు మారాక ముడీ మారక తప్పలేదు. ఆస్ట్రియాకు చెందిన హైన్జ్ ప్రోహాస్కా 1981లో ఒక కొత్త ముడిని ప్రచురించాడు. అదే ముడిని 1994లో అమెరికాలో జేసన్ బ్లేక్ చెట్ల పనివారి పత్రికలో పరిచయం చేశాడు. బ్లేక్ ముడిగానే అది లోకానికి తెలిసింది. ముడులకు పేర్లు పెట్టడంలో న్యాయం ఎప్పుడూ తక్కువే.

ఇక వేడి సంగతి. 60 కిలోల మనిషి 15 మీటర్లు దిగితే సుమారు 8,800 జౌళ్ళ శక్తి వేడిగా మారుతుంది. 100 గ్రాముల నీటిని 21 డిగ్రీలు వేడెక్కించడానికి చాలినంత, అంతే. కానీ ఆ వేడి పంచుకునే తీరు చూడండి. కదిలే తాడు ప్రతి క్షణం కొత్త భాగాన్ని ముడికి అందిస్తుంది. ముడిలో మాత్రం రాసుకునేది ఎప్పుడూ అదే చోటు. తొందరగా జారితే ఆ చుట్టు కరిగి గాజులా మెరుస్తుంది. అలా మెరిసిన చోట పట్టూ తగ్గుతుంది, బలమూ తగ్గుతుంది. అందుకే ముడిని తాడు కొసతో కాక విడి ముక్కతో వేయడం అలవాటైంది. చెడితే ముక్కను పారేయవచ్చు, తాడును కోయనక్కరలేదు.

ఆ ముక్కకు ఏ పీచు మంచిది? అన్నిటికన్నా బలమైనదే అంటారు చాలామంది విద్యార్థులు. బరువుకు బరువు తూస్తే ఉక్కును ఎన్నో రెట్లు మించే ప్రత్యేక పాలిథిలీన్ పీచు ఉంది. కాని అది 145 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, పైగా సబ్బులా జారుతుంది. ముడికి పనికిరాదు. పాలియెస్టర్ 250 డిగ్రీల దాకా ఆగుతుంది. అరామిడ్ పీచు అసలు కరగదు, 500 డిగ్రీల దరిదాపుల్లో మాడుతుంది. కానీ దానికి ఎండ పడదు, పదేపదే వంచితే విరుగుతుంది. అందుకే రెంటినీ కలిపి అల్లిన, 8 నుంచి 10 మిల్లీమీటర్ల దారాన్ని 11 నుంచి 13 మిల్లీమీటర్ల తాడు మీద వాడుతున్నారు.

తెలంగాణలో 2024 జూలైలో 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో గీత కార్మికులకు తాళ్ళు, కొక్కేలు ఉన్న రక్షణ సామగ్రి ఇవ్వడం మొదలైంది. వానకు తడిసిన మాను మీద మోకు జారితే పట్టుకోవడానికి అంతకుముందు వారికి రెండో ఆధారం ఉండేది కాదు.

ముడి ఏదైనా, తాడు ఏదైనా, చెట్ల పనివారు ఒక పరీక్ష మానరు. నేలకు అడుగు ఎత్తున ముడి మీద పూర్తి బరువు వేసి కూర్చుంటారు, రెండుసార్లు ఊగుతారు. ముడి పాకితే దిగి మరో చుట్టు వేసి మళ్ళీ కూర్చుంటారు.