పెట్రోమాక్సు వెలుగులో దాగిన లోహము

హైదరాబాదు నగరమునకు పడమట మాదాపురమున 1998 నవంబరులో సైబర్ టవర్సు భవనమును నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించెను. నేడు ఆ హైటెక్ సిటీ ప్రాంతము రాత్రివేళ పట్టపగలువలె వెలుగుచుండును. విద్యుత్తు రాకపూర్వము తెలుగుపల్లెలలో పెండ్లిపందిరికైనను, హరికథకైనను, వీధినాటకమునకైనను ఇట్టి వెలుగు నిచ్చినది పెట్రోమాక్సు దీపమే. ఆ వెలుగునకు మూలము తోరియమను రేడియోధార్మిక లోహమని ఎరిగినవారు మాత్రము అరుదు.

తోరియమును 1828లో స్వీడను శాస్త్రజ్ఞుడు బెర్జీలియస్ కనుగొనెను. ఆస్ట్రియా దేశీయుడగు కార్ల్ ఔయర్ ఫాన్ వెల్స్‌బాఖ్ లవణములలో తడిపిన వస్త్రమును మంటపై నుంచి, దీపపు తొడుగును 1885లో రూపొందించెను. అది ఆకుపచ్చని వెలుగు నిచ్చుటచే జనులకు రుచింపలేదు. 1891లో తోరియము 99 పాళ్లు, సీరియము 1 పాలు కలిపి ఆయన మరల యత్నింపగా స్వచ్ఛమైన వెలుగు వచ్చెను. మేంటిలును మొదటిసారి వెలిగించినపుడు నూలు కాలిపోయి, లోహభస్మపు గూడు మాత్రమే నిలుచును. కిరసనాయిలు ఆవిరిమంటలో ఆ గూడే తెల్లగా ప్రజ్వరిల్లును.

తోరియమునకు రేడియోధార్మికత కలదని 1898లో మేరీ క్యూరీ, జర్మనీలో ష్మిట్ వేర్వేరుగా నిరూపించిరి. అప్పటికి ఏడేండ్లుగా ఆ దీపములు ఇండ్లలో వెలుగుచుండెను! దీపము ముందు వచ్చెను, తెలివి వెనుక వచ్చెను.

ముడిసరుకు సముద్రతీరపు ఇసుకలోని మోనజైటు. తిరువాన్కూరునుండి దిగుమతియైన కొబ్బరిపీచునకు అంటిన ఇసుకలో దానిని షోంబర్గ్ అను జర్మను 1909లో గుర్తించెను. భీమునిపట్నము తీరమున కూడ ఈ ఖనిజము కలదు. ఇట్టి ఖనిజముల నన్వేషించు అణు ఖనిజ సంస్థ ప్రధాన కార్యాలయము హైదరాబాదులోని బేగంపేటలోనే యున్నది.

ఇక భయమెంత? తోరియము వెడలించు ఆల్ఫాకణములు చర్మమును దాటజాలవు గనుక దీపము చెంత కూర్చున్నవారికి కలుగు హాని స్వల్పము. చిక్కు బూడిదతోనే. మేంటిలు చిరిగినపుడు ఆ తెల్లని పొడిని నోటితో ఊదివేయుట కద్దు. శ్వాసతో లోనికి పోయిన ధూళి ఊపిరితిత్తులలో నిలిచి, ఆ కణములను అచ్చటనే వెదజల్లును. మూసిన గదిలో క్రొత్త మేంటిలు వెలిగించుటయు, ఆ బూడిద చేతులతో అన్నము తినుటయు మంచిది కాదు. ఆ మేంటిళ్లను దినమెల్ల తయారుచేసిన కార్మికుల మాట ఎవరు తలచిరి?

తరువాత పలుదేశములలో తోరియమునకు బదులు యిట్రియము వాడుకలోనికి వచ్చెను. ట్యూబులైట్లను వెలిగించు కొన్ని స్టార్టరులలో క్రిప్టాన్-85 అను రేడియోధార్మిక వాయువును అత్యల్పముగ గాజులో బంధించిరి; దాని శక్తి సుమారు 11 సంవత్సరములకు సగమగును. తోరియము సగము తరుగుటకు 1,400 కోట్ల సంవత్సరములు పట్టును. నేటి ఎల్.ఇ.డి. దీపములకు ఈ రెంటి అవసరము లేదు.