రేడియో ధ్వనిలోని వికృతి – దాని నివారణ చరిత్ర



రేడియో పెట్టె మీట త్రిప్పి శబ్దము హెచ్చించినకొలది మాట స్పష్టమగునని మనము తలంతుము. కొంతవఱకు అది నిజమే. ఒక హద్దు దాటినంతనే గాయకుని కంఠము పగిలిన కంచువలె మ్రోగును; వార్తలు చదువువాని పలుకులో అక్షరములు ఒండొంటితో కలిసి అర్థము చెడును. దీనినే ధ్వనివికృతి యందురు. ఉఱుములు మెఱుపులు గల దినములందు వినబడు చిటపటలు వేఱు. అవి బయటినుండి వచ్చి చేరునవి. వికృతి పెట్టెలోపలనే పుట్టునది. ఈ దోషమెట్లు కలిగెనో, దానినెవ్వరు మానిపిరో నేడు మనవి చేయుదును.

తొలినాటి ఔత్సాహికుల గ్రాహకములలో గెలీనా యను సీసపు ఖనిజపు తునక ముఖ్యమైనది. దానిపై సన్నని తీగమొన ఆనించి తరంగములనుండి ధ్వనిని రాబట్టుచుండిరి. గెలీనాను తరంగశోధనకు వాడు విధమునకు మన జగదీశచంద్ర వసువు 1904 లో అమెరికాలో పేటెంటు పొందెను. ఆ గ్రాహకమునకు బ్యాటరీతో పనిలేదు. గాలిలో వచ్చిన శక్తి యెంతయో వినబడు శబ్దమంతయే. చెవులకు యంత్రము తగిలించుకొని ఒక్కడు వినవలసినదే గాని ఇంటిల్లిపాది వినుటకు వీలులేకుండెను.

1906 లో లీ డి ఫారెస్టు అను అమెరికా దేశీయుడు మూడు అంగములు గల వాల్వును నిర్మించెను. అయినను దానినుండి అధికశక్తిని రాబట్టు ఉపాయము 1912 లో కొలంబియా విశ్వవిద్యాలయ విద్యార్థి యగు ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగునకు తోచెను. అప్పటికతనికి 21 ఏండ్లు. వాల్వు పెంచిన శక్తిలో కొంతభాగమును మరల దాని మొదటికే పంపిన నది మఱింత పెరుగును. ఊగుచున్న ఉయ్యెలను సరియైన క్షణమున నూకినచో, ప్రతి ఊపును వెనుకటి ఊపునకు తోడగును గదా! ఇదియును అట్టిదే. ఒక్క వాల్వుతోనే దూరదేశపు ధ్వనులు వినవచ్చెను. 1921 డిసెంబరులో పాల్ గాడ్లే స్కాట్లండులోని ఆర్డ్రాసను తీరమున గుడారము వేసికొని, అట్లాంటికు సముద్రమున కావల నున్న అమెరికా ఔత్సాహికుల సంకేతములను వినగలిగెను.

అయితే ఆ వరమునందే శాపమును దాగియుండెను. మరలింపు మితిమీఱినచో సన్నని స్వరములు తెగిపోయి మాట మందమగును. ఇంకను పెంచిన పెట్టెయే స్వయముగ కూతపెట్టును. అంతటితో పోదు. ఆ గ్రాహకము ప్రసారయంత్రమై, ఇరుగుపొరుగు పెట్టెలలో ఈలలు వేయును. ఇంగ్లండులో బి.బి.సి. ప్రథమ ప్రధాన ఇంజనీరగు ఎకర్స్లీ, శ్రోతలను ఈ విషయమున హెచ్చరింపవలసి వచ్చెను. ఒకని అత్యాశ వీధివారందఱి వినికిడిని చెఱచుట అప్పటి అనుభవము.

వికృతికి మఱియొక మూలము కలదు. వాల్వును చెఱువు తూమువలె భావింపుడు. తలుపు సగమెత్తియుంచి పైకి క్రిందికి కదల్చినచో నీరు చేతికదలిక ననుసరించి హెచ్చుచు తగ్గుచుండును. తలుపు పూర్తిగ లేచిన పిమ్మట ఎంత లాగినను నీరు హెచ్చదు. పూర్తిగ మూసికొన్న పిమ్మట తగ్గదు. అట్లే వాల్వునకు మితిమించిన ధ్వని నిచ్చినచో తరంగపు శిఖరములు తెగిపోవును. ఆ తలుపును సగమున నిలుపు పనికి నాడు చిన్న బ్యాటరీ నొకదానిని వేఱుగ వాడుచుండిరి. అది నీరసించినచో స్వల్పధ్వనియు వికృతమగుచుండెను. శబ్దమును వెలువరించు కొమ్ముబూరలును కొన్ని స్వరములను మింగి కొన్నిటిని పెంచుచుండెను. 1925 లో రైస్, కెల్లాగ్ అను నిద్దఱు కాగితపు శంకువును తీగచుట్టతో కదల్చు స్పీకరును ప్రకటించిన మీదట ఆ లోపము చాల తగ్గెను.

ఇక అసలు మందు దొరకిన విధము వినదగినది. అమెరికాలో దూరపు టెలిఫోను తీగలపై దారిపొడవున వర్ధకయంత్రముల నుంచవలసి వచ్చెను. ఒక్కొక్క యంత్రము స్వల్పముగ మాటను చెఱచుచుండెను. మన తాటాకు గ్రంథములను తలంచుకొనుడు. ఒక వ్రాయసకాడు ఒక్క తప్పు చేసిన గ్రంథమునకు హానిలేదు. వానిప్రతిని చూచి మఱియొకడు, వానిది చూచి వేఱొకడు వ్రాయగా నూఱవ ప్రతిలో పద్యము పద్యముగ నుండదు. బెల్ ప్రయోగశాలయందలి హెరాల్డు బ్లాక్ ఈ చిక్కుతో నేండ్లకొలది పెనగులాడెను. 1927 ఆగస్టు 2 వ తేదీని హడ్సను నదిని పడవపై దాటుచుండగా పరిష్కారము తోచెను. చేతనున్న వార్తాపత్రిక పుటపైననే దానిని గీసికొనెను.

ఆర్మ్‌స్ట్రాంగు మరలించిన శక్తిని తోడుగ పంపెను; బ్లాక్ దానిని ఎదురుగ పంపెను. వెలువడిన ధ్వనిలో కొంతభాగము మొదటి ధ్వనితో పోల్చబడి, యంత్రము తాను చేర్చిన తప్పును తానే తీసివేయును. మాతృకతో సరిచూచుకొనుచు వ్రాయు వ్రాయసకాని పని యిదియే. బలము తగ్గును గాని, దానిని మఱియొక వాల్వుతో పూరించుకొనవచ్చును. కష్టపడి పెంచిన బలమును చేజేత తగ్గించుకొనుట ఆనాటివారికి వింతగ తోచెను. పేటెంటు పరీక్షకులు నమ్మలేదు. 1928 లో పెట్టిన దరఖాస్తునకు 1937 లో గాని పేటెంటు రాలేదు.

ఆర్మ్‌స్ట్రాంగు గతి యింతకంటె కఠినము. ఏండ్ల తరబడి సాగిన వ్యాజ్యమున 1934 లో అమెరికా సుప్రీముకోర్టు డి ఫారెస్టునకే హక్కు నిచ్చెను. అతడు పూర్వము పొందిన పతకమును రేడియో ఇంజనీర్ల సంస్థకు మరలనీయబోగా, ఆ సంస్థ పుచ్చుకొనక అతని గౌరవమును నిలిపెను. న్యాయస్థానపు తీర్పు ఒకటి, తోటి పనివారి తీర్పు ఒకటి యయ్యెను. నా తలంపున రెండవదియే చరిత్రకు దగ్గఱ.

మన ప్రాంతమునకును ఔత్సాహికుల ఋణము కలదు. 1924 లో చెన్నపురియందు కృష్ణస్వామిచెట్టి మొదలగువారు మదరాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బును స్థాపించి ఆ యేటనే ప్రసారములు నడపిరి. 1948 లో విజయవాడ కేంద్రము వెలసెను. పిమ్మట వాల్వుల స్థానమున ట్రాన్సిస్టర్లు వచ్చెను. బ్లాక్ మార్గము మాత్రము ధ్వనివర్ధకములందు నేటికిని నిలిచియున్నది.

తుపాను హెచ్చరిక గాని, పంటధర గాని వినునప్పుడు ఒక్క యంకె తప్పిన నష్టము మనదే. కావున మాట చెడినప్పుడు మొదట మీటను కొంత తగ్గించి చూడుడు. అప్పుడు స్పష్టమైన దోషము బలమును మించుటయే. కాకున్న బ్యాటరీని, స్పీకరును పరీక్షింపుడు. బిగ్గఱగ వినుటకంటె ఉన్నదున్నట్లు వినుట మేలని ఈ చరిత్ర తెలుపుచున్నది.