చుండూరు సాక్ష్యం

1991లో చుండూరులో హతులైన ఎనిమిది మంది దళితులను ఊరవతల శ్మశానానికి మోసుకుపోలేదు. ఊరి నడుమనే పూడ్చారు. ఆ నేలకు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. పొలానికి వెళ్లేవాడైనా రైలుకు వెళ్లేవాడైనా తమవాళ్లను చూడకుండా దాటిపోకూడదన్నది మాలపల్లె పట్టుదల. ఈ దేశంలో దళితుడి చావుకు ఊరి మధ్య చోటు దొరకడం మామూలు సంగతి కాదు. బతికుండగా దొరకని చోటు అది.

తెనాలికి దగ్గర్లో, రైలుదారి మీద ఉన్న ఊరు చుండూరు. కృష్ణ కాలువలు పారే డెల్టా నేల. పొలాలు ఎక్కువగా రెడ్లవీ తెలగలవీ, రెక్కల కష్టం మాలపల్లెది. అయితే 1980లు దాటేసరికి ఆ పల్లె పూర్తిగా ఊరి గుప్పిట్లో లేదు. కొందరికి రైల్వేలో ఉద్యోగాలు దొరికాయి. జీతం రాళ్లతో పిల్లలు కాలేజీ మెట్లెక్కారు. ఆసామి ముందు తల వంచుకుని నిలబడాల్సిన అవసరం తీరిన తరం ఒకటి తయారైంది. ఊరు ఓర్చుకోలేకపోయింది దీన్నే. ఆకలితో ఉన్న పల్లెను ఊరు ఏనాడూ చంపాలనుకోలేదు. తలెత్తిన పల్లెనే చంపాలనుకుంది.

1991 జూలై మొదట్లో సినిమా హాల్లో, చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు ముందు సీటులోని అగ్రకులపు కుర్రాడికి తగిలింది. జరిగిందల్లా అంతే. దాని మీద గొడవ, ఆ గొడవ మీద పల్లెను వెలివేయడం. పొలం పనికి పిలుపులు ఆగిపోయాయి. కూలీలు ఇతర ఊళ్లకు పోయి పని వెతుక్కున్నారు. ఊళ్లో పోలీసులను దించారు. పోలీసులుండగానే నెల గడిచింది.

ఆగస్టు 6న పోలీసులే పల్లెలోకి వచ్చి మగవాళ్లను పారిపొమ్మన్నారని బాధితులు మొదటినుంచీ చెబుతున్న మాట. పారిపోయినవాళ్లకు పొలాలు అడ్డం వచ్చాయి. అక్కడ ఊరివాళ్లు గొడ్డళ్లతో, బరిసెలతో కాచుకుని ఉన్నారు. పట్టపగలు, ఆ కూలీలు తమ చేతులతో నాట్లు వేసిన మళ్లలోనే వాళ్లను నరికారు. శవాలను గోతాల్లో కుక్కి మురుగుకాల్వలో, పంటకాల్వలో పడేశారు. భార్యలూ తల్లులూ గట్ల వెంట వెతుక్కున్నారు. ఒక్కొక్కటిగా తేలిన గోతాలను విప్పి, మనిషిని పోల్చుకోవాల్సిన పని వాళ్ల మీద పడింది. ఆ పని గురించి ఇంతకంటే రాయలేను.

అప్పటికి ఆరేళ్ల కిందటే, 1985 జూలై 17న, కారంచేడులో మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఆ నెత్తుటి నుంచే దళిత మహాసభ పుట్టింది. 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. ఇక ఇలాంటిది జరగదని నమ్మినవాళ్లు ఉన్నారు. చట్టం అమల్లోకి వచ్చి రెండేళ్లయినా నిండకముందే చుండూరు జరిగింది.

చుండూరు పల్లె దుఃఖంతో కూర్చోలేదు. విచారణ మా ఊళ్లోనే జరగాలి, కోర్టే ఇక్కడికి రావాలి అని పట్టుబట్టింది. దళిత ఉద్యమ నాయకులు బొజ్జా తారకం, కత్తి పద్మారావు వంటివాళ్లు వెంట నిలిచారు. కూలికి పోతేగాని పొయ్యి వెలగని మనిషి బస్సెక్కి పట్నం కోర్టుకు ఎన్ని వాయిదాలు తిరగగలడు? నిందితుల పలుకుబడి మధ్య నుంచి ఎన్నిసార్లు నడిచిపోగలడు? ఆ డిమాండు వెనుక ఉన్న ఆలోచన ఇది. పదమూడేళ్లు పట్టింది. 2004లో చుండూరులోనే ప్రత్యేక కోర్టులో విచారణ మొదలైంది. నేరం జరిగిన ఊళ్లోనే అత్యాచారాల కేసు విచారించడం దేశంలో అదే మొదటిసారి.

నా దృష్టిలో ఈ గాథలో ఎత్తయిన శిఖరం అది. హతుల ఇళ్లవాళ్లూ, చావు తప్పించుకున్నవాళ్లూ వచ్చి నిలబడ్డారు. ఎవరి పొలంలో కూలి చేశారో వాళ్లనే వేలెత్తి చూపించారు. 2007 జూలై 31న న్యాయమూర్తి అనీస్ తీర్పు చెప్పారు. విచారణ ఎదుర్కొన్న 179 మందిలో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది కఠిన శిక్ష. 123 మంది విడుదలయ్యారు. ఎనిమిది ప్రాణాలకు అది సరితూగే శిక్ష అని పల్లె అనుకోలేదు. కానీ ఒక కోర్టు తమ మాట విన్నది, నమ్మింది. పదహారేళ్ల తర్వాత దక్కిన ఆ నమ్మకం కూడా ఏడేళ్లే నిలిచింది.

2014 ఏప్రిల్ 22న హైదరాబాదులోని హైకోర్టు శిక్షలన్నీ కొట్టేసింది. శిక్ష పడినవాళ్లలో ఒక్కరూ మిగల్లేదు. నేరం రుజువు కాలేదని, ప్రాసిక్యూషన్ సాక్ష్యం నిలవదని తేల్చింది. పొలాల్లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరుగెత్తిన మనిషి ఏ క్షణాన ఎవడు ఏ ఆయుధంతో ఎక్కడ కొట్టాడో పద్నాలుగేళ్ల తర్వాత బోనులో నిలబడి పొల్లుపోకుండా చెప్పగలడా? సామూహిక హత్యాకాండను కూడా వీధి కొట్లాట కొలతతోనే కొలిస్తే, గుంపుగా చంపడమే తప్పించుకునే దారి అవుతుంది. ఎంతమంది చేయి కలిపితే ఒక్కొక్కరి నేరం అంత మసకబారుతుంది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. పల్లె తరఫున ఇంతకాలం కొట్లాడిన తారకం 2016లో కన్నుమూశారు.

1991లో పోయినవి ఎనిమిది ప్రాణాలు. 2014లో పోయింది, కోర్టుకెక్కితే మన మాటకు విలువ ఉంటుందన్న ధైర్యం. రెండోదాని లెక్క ఏ పంచనామాలోనూ ఉండదు. చుండూరు తర్వాత 2012 జూన్‌లో అప్పటి శ్రీకాకుళం జిల్లా లక్ష్మీపేటలో మళ్లీ ఐదుగురు దళితులు హతమయ్యారు. అక్కడ నేల గొడవ, అక్కడా పోలీసులు ఊళ్లో ఉండగానే.

సమాజం దీన్ని దాటగలదా అని అడిగేవాళ్లకు చుండూరు నుంచి నాకు దొరికే జవాబు ఒకటుంది. దాటడానికి చేయగలిగినదంతా పల్లె చేసింది. శవాలను మోసింది, కోర్టును రప్పించింది, సాక్ష్యం చెప్పింది, ఏటా ఆగస్టు 6న ఆ సమాధుల దగ్గర నిలబడుతూనే ఉంది. ఇక మిగిలిన భారం ఊరిది. ఆ మధ్యాహ్నం పొలాల్లో ఏం జరిగిందో చూసినవాళ్లు, గోతాలు ఎవరి ఇళ్ల నుంచి వచ్చాయో తెలిసినవాళ్లు, ఆ రాత్రి ఎవరు ఎప్పుడు ఇంటికి చేరారో ఎరిగినవాళ్లు పల్లెలో మాత్రమే లేరు. తమవాళ్ల మీద తాము సాక్ష్యం చెప్పడానికి వాళ్లు ముందుకు రావాలి.